రెండు గీతలతో సరిపెట్టకు

అమ్మలూ,

మొన్న బరంపురం వచ్చినప్పుడు నువ్వు చూపించిన సీడీ గ్రాఫు (కుడి, ఎడమ వైపు తిరిగే కాంతిని పెప్టైడ్ ఎంత తేడాతో పీల్చుకుంటుందో చూపేది) గురించే ఆలోచిస్తున్నాను. నీళ్లలో మెలిటిన్‌కి, అంటే తేనెటీగ విషంలోని ఆ చిన్న పెప్టైడ్‌కి (అమైనో ఆమ్లాల గొలుసుకి) ఒక గీత, సబ్బులాంటి ఎస్‌డీఎస్‌లో ఇంకో గీత. రెండో దాంట్లో 208, 222 నానోమీటర్ల దగ్గర లోయలు చక్కగా పడ్డాయి. స్ప్రింగులా చుట్టుకున్న హెలిక్సే, సందేహం లేదు. కానీ ఎంత ఎస్‌డీఎస్ గాఢత దగ్గర మారిందో పట్టుకోకుండా మిసెల్ (సబ్బు అణువుల గుంపు) వల్లే మారిందని రాయకు తల్లీ.

ఎస్‌డీఎస్ మామూలు నీళ్లలో సుమారు 8 మిల్లీమోలార్ దగ్గర గుంపుకట్టి మిసెల్ అవుతుంది. బఫర్‌లో (ఆమ్లత మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో) ఉప్పుంటే ఇంకా ముందే. అందుకని ఎస్‌డీఎస్‌ని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతి మెట్టులోనూ స్పెక్ట్రమ్ తియ్యి. పెప్టైడ్ లేని బ్లాంక్‌లోనూ అంతే ఎస్‌డీఎస్ ఉండాలి. మిసెల్ కట్టకముందు మెలిటిన్ ప్లస్ ఛార్జీలకు ఎస్‌డీఎస్ మైనస్ తలలు అతుక్కుని ద్రావణం మసకబారవచ్చు. ఆ మసకలో వచ్చిన గీతను నమ్మకు.

ఇంతకీ ఎందుకు చుట్టుకుంటుంది? నీళ్లలో ఉన్నంతసేపూ పెప్టైడ్ వెన్నులోని ఎన్‌హెచ్, సీఓ గుంపులకు హైడ్రోజన్ బంధం కట్టడానికి నీళ్లే దొరుకుతాయి. మిసెల్‌లో జిడ్డు భాగానికి చేరాక నీళ్లు కరువు. వాటిలో అవే జతకడతాయి. మెలిటిన్‌లో ఉన్న 26 అమైనో ఆమ్లాలూ అలా చుట్టుకుంటే జిడ్డును కోరేవి చాలావరకు ఒక పక్కకి వస్తాయి. 14వ చోట ప్రోలీన్ ఉంది కదా, అక్కడ కాస్త వంగుతుంది. తేనెటీగ విషంలో ఇంత పొందిక ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బఫర్ మాత్రం సోడియం ఫాస్ఫేటే. నా కొత్తలో పొటాషియం బఫర్‌లో ఎస్‌డీఎస్ పోశాను. గంజిలా తెల్లబడి అడుగున పేరుకుంది. పెప్టైడే పాడైందనుకుని వారం రోజులు ఏడ్చాను. పొటాషియం తగిలితే ఎస్‌డీఎస్ కరగని లవణమైపోతుందని తర్వాత తెలిసింది. ట్యూబుని ఊపకు, నెమ్మదిగా తలకిందులు చెయ్యి. నమూనా పోసే సెల్‌లో ఒక్క నురుగు బుడగ ఉన్నా కాంతి చెదురుతుంది.

పెప్టైడ్ గాఢత తూకంతో లెక్కకట్టకు. పొడిలో తేమా, తయారీలో మిగిలిన టీఎఫ్‌ఏ అనే ఆమ్లపు లవణమూ ఉంటాయి. 280 నానోమీటర్ల దగ్గర ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూడు. ఆ ట్రిప్టోఫాన్ 19వ చోట ఒక్కటే ఉండడం నీ అదృష్టం. దాని ఫ్లోరెసెన్స్ (కాంతి పీల్చుకుని తిరిగి వెలువరించే వెలుగు) 350 ప్రాంతం నుంచి 335 వైపు జరిగితే జిడ్డులోకి వెళ్లిందన్నమాట. ఆ జరుగుడూ, హెలిక్స్ పెరుగుడూ ఒకే గాఢత దగ్గర మొదలయ్యాయా చూడు.

తర్వాత డీపీసీ అనే మరో డిటర్జెంటుతోనూ ఇదంతా చెయ్యి. దాని తలలో ప్లస్సూ మైనస్సూ రెండూ ఉంటాయి కాబట్టి, ఛార్జీ లాగడం ఎంతో, జిడ్డు లాగడం ఎంతో విడిగా తెలుస్తుంది. దసరాకి వచ్చేటప్పుడు నోటుబుక్కు తీసుకురా, పాడైన గీతలు కూడా కావాలి నాకు.

మీ మావయ్య