టైమింగ్ ముట్టుకునే ముందు ఇది చదువు

తల్లీ చిన్నీ,

మీ నాన్న అంబాసిడర్‌ను షెడ్డులోంచి బయటికి తీశావనీ, టైమింగ్, అంటే ఇంజన్లో నిప్పు పడే వేళ, నువ్వే పెట్టుకుని అమ్మను శ్రీశైలం తీసుకెళ్తానంటున్నావనీ మీ అమ్మే, మా అక్క, ఫోన్లో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐడ్లింగ్‌లో, అంటే నిలబెట్టిన బండిలో ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, బండి వణుకుతుంటే ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పావట, సర్దుకుందట. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఒంగి పనిచెయ్యకూడదన్నారు, లేకపోతే నేనే గుంటూరు వచ్చేవాణ్ణి.

నేను పని నేర్చుకున్న గ్యారేజీలో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. చెవితోనే టైమింగ్ పెడతాడని పేరు. ఒక సాయంత్రం శ్రీశైలం వెళ్లే టాక్సీ ఒకటి వచ్చింది, మీదిలాంటి పెట్రోలు అంబాసిడరే. ఐడ్లింగ్‌లో బండంతా వణుకుతోంది. లోపల పిల్లలతో ఒక కుటుంబం, డ్రైవరుకు తొందర. మేస్త్రీ క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ తిప్పాడు. వణుకు ఆగిపోయింది, ఇంజన్ మెత్తగా పాడింది. అందరం ఆయన చెయ్యి మెచ్చుకున్నాం. బండి వెళ్లిపోయింది.

మర్నాడు కబురొచ్చింది. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్లోంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వచ్చిందట. వాల్వుల దగ్గరి టాపెట్ల చప్పుడేలే అనుకుని డ్రైవరు తొక్కుతూనే పోయాడు. చివరికి ఆయిల్ పోసే మూతలోంచి పొగ చిమ్మి, అడవి మధ్యలో బండి ఆగిపోయింది. చీకటి పడేదాకా ఆ పిల్లలు రోడ్డు పక్కనే ఉన్నారట. బండి లాక్కురావడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. హెడ్డు విప్పితే మూడో పిస్టన్‌కు బొక్క. అసలు జబ్బు ఇన్‌లెట్ మేనిఫోల్డ్, అంటే ఇంజన్లోకి గాలీ పెట్రోలూ తెచ్చే గొట్టం, అతుకులో ఉండే గాస్కెట్‌ది. అది ఒక మూల కాలి, గాలి లాక్కుంటోంది. ఎక్కువ గాలి కలిసిన పెట్రోలు నిదానంగా మండుతుంది, అందుకే ఐడ్లింగ్ వణికింది. నిప్పు ముందే పడేలా తిప్పేసరికి వణుకు ఆగింది. కానీ ఘాట్ మీద, నిండు లోడుతో, ఆ ముందుపడిన నిప్పే నాకింగై (ఆ గులకరాళ్ల చప్పుడు అదే) పిస్టన్‌ను తినేసింది. ఒక్క గాస్కెట్ మార్చాల్సిన చోట ఇంజన్ పోయింది.

అందుకే తల్లీ, ఐడ్లింగ్ సరిచెయ్యడానికి డిస్ట్రిబ్యూటర్ తిప్పకు. నువ్వు తిప్పినది మొదటికి తెచ్చి, వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకు. ఇంజన్ తిరుగుతుండగా మేనిఫోల్డ్ అతుకుల మీద సబ్బునీళ్లు కొంచెం కొంచెం పొయ్యి. చప్పుడు మారితే గాలి అక్కడే లాగుతోంది. కొందరు నీళ్లకు బదులు పెట్రోలు చల్లుతారు. నువ్వు ఆ పని చేశావని తెలిసిందా, ఆపరేషనూ గీపరేషనూ చూడకుండా బస్సెక్కి వచ్చి మరీ తిడతాను. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు నోటితో పీల్చి చూడు. డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటు కదిలి, నాలుక అడ్డం పెడితే అలాగే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రమ్, అంటే లోపలి పల్చటి పొర, చిల్లుపడినట్టే, ఆ చిల్లు కూడా ఐడ్లింగ్‌ను పాడుచెయ్యొచ్చు.

ప్లగ్గుల గ్యాప్ 25 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ). డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకునే పాయింట్లది 15 థౌ. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడే సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్, పెట్టు. పాయింట్ల గ్యాప్ పెంచితే టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి పోతుంది. కాబట్టి పాయింట్లు ముందు, టైమింగ్ తర్వాత, కార్బురేటర్ అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటావు.

టైమింగ్ పెట్టేటప్పుడు ప్లగ్గులన్నీ విప్పు, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి తిప్పు. గాలి వేలిని తోస్తుంటే కంప్రెషన్ అన్నమాట. పుల్లీ గుర్తును మాన్యువల్లో చెప్పిన డిగ్రీ దగ్గరికి తీసుకురా. డిస్ట్రిబ్యూటర్ చిన్న తీగకూ బాడీకీ మధ్య 12 వోల్టుల బల్బు పెట్టి ఇగ్నిషన్ వెయ్యి. క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ మెల్లగా తిప్పు. పాయింట్లు విడిపోయే క్షణంలో బల్బు వెలుగుతుంది, అక్కడే క్లాంపు బిగించు. ప్లగ్గు తీగలు తగిలించేటప్పుడు గుర్తుంచుకో, ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, ఫైరింగ్ వరస 1-3-4-2. పనయ్యాక ఇగ్నిషన్ ఆపెయ్యి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది.

టైమింగ్ లైటుతో కూడా చూసుకుంటానన్నావట. చూసుకో, వాక్యూమ్ పైపు తీసేసి చూడు. కానీ ఆ వెలుగులో తిరుగుతున్న ఫ్యాన్ ఆగినట్టో, మెల్లగా కదులుతున్నట్టో కనిపిస్తుంది. అనుభవమున్నవాళ్లే మోసపోయి చెయ్యి పెట్టేస్తారు. చున్నీ తీసి ఇంట్లో పెట్టు, జడ ముడి వేసుకో, గాజులు, ఉంగరాలు తియ్యి. ఒక్కదానివే ఉన్నప్పుడు ఆ లైటు పట్టుకోవద్దు. నాకు మాటివ్వు.

పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేసుకో. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి ఆగదు.

అన్నీ అయ్యాక నేరుగా శ్రీశైలం బయల్దేరకు. నలుగురిని ఎక్కించుకుని ముందు కోటప్పకొండ ఘాట్ ఎక్కు. రేడియో కట్టేసి, అద్దాలు దించి విను. గలగల వినిపించిందంటే యాక్సిలరేటర్ వదిలి బండి పక్కకు ఆపు, టైమింగ్ కాస్త వెనక్కి జరుపు, మళ్లీ ఎక్కు. కిందికి వచ్చాక ప్లగ్గులు విప్పి నాలుగింటికీ ఫొటోలు తీసి, ఏది ఏ సిలిండర్‌దో రాసి పంపు. అవి చూసి నేను సరేనన్నాకే అమ్మను ఎక్కించుకో. అక్కకు ఘాట్ రోడ్డులో కళ్లు తిరుగుతాయి, ముందు సీట్లో కూర్చోబెట్టు.

మావయ్య