కోటు సంగతి కెమెరాకు చెప్పలేదు

అడిగిన ప్రశ్న ఇది: "హోలోకాస్ట్ (హిట్లర్ నాజీలు చేయించిన యూదుల ఊచకోత) నుంచి బతికి బయటపడినవాళ్లు ఇప్పుడు 85, 90 ఏళ్లవాళ్లు. ఇంత ఆలస్యంగా వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తే ఎంతవరకు నమ్మొచ్చు?"

నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇజ్రాయెల్‌లో ఆరేళ్లు కేర్‌గివర్‌గా పనిచేశాను. అక్కడ ఈ పనిలో మా తెలంగాణవాళ్లు చాలామందే ఉన్నారు. ఊళ్లో మాత్రం దీన్ని "ముసలోళ్లకు డైపర్లు మార్చే పని" అంటారు. అంటే అననీ. అప్పు చేసి ఏజెంటు చేతిలో లక్షలు పోసిన మాట నిజం, డైపర్లు మార్చిన మాటా నిజం. కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ప్రొఫెసర్ల కంటే నాకే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. వాళ్లు రెండు గంటలు కూర్చుని వెళ్లిపోతారు. నేను నాలుగేళ్లు పక్క గదిలో పడుకున్నాను.

నేను చూసుకున్న పెద్దాయన్ని సబా అని పిలిచేవాణ్ని. హీబ్రూలో తాత అని. 1932లో చెర్నివ్‌ట్సీలో పుట్టాడు. అప్పుడు ఆ ఊరు రొమేనియాలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. పనిలో చేరిన మొదటి వారమే, ఇంతకుముందు ఫొటోల్లో చూసిన తెలివితో, "సబా, చేతి మీద నంబరు చూపిస్తారా?" అని అడిగాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి టీకా మచ్చ చూపించాడు. నంబర్లు పొడిచింది పోలండ్‌లోని నాజీల చావు క్యాంపు ఆష్‌విట్జ్‌లో మాత్రమేనని, తనను తీసుకెళ్లింది ట్రాన్స్‌నిస్ట్రియాకని అప్పుడు చెప్పాడు. డ్నీస్టర్, బుగ్ నదుల మధ్య ప్రాంతం అది. 1941లో రొమేనియా ప్రభుత్వం లక్షకు పైగా యూదులను నది దాటించి అక్కడ వదిలేసింది. గ్యాస్ చాంబర్లు లేవు. ఆకలి, చలి, టైఫస్ జ్వరం ఆ పని చేశాయి.

ఇంటికొచ్చే ప్రతివాడి చూపూ ముందు ఆయన చేతి మీదికే పోయేది. నంబరు లేదని తెలిశాక ముఖంలో చిన్న నిరాశ. అది చూసి చూసి ఆయనకే తనది రెండో రకం కష్టమేమో అనిపించేది. ఒకసారి మనవడు ఫోన్ పట్టుకొచ్చి "ముప్పై సెకన్లలో చెప్పు సబా, రీల్ చేస్తా" అన్నాడు. సబా ముప్పై సెకన్లూ వాడికి నిమ్మకాయ టీ ఎలా కాయాలో చెప్పాడు.

2017 ఆగస్టులో ఒక సంస్థ నుంచి ఇద్దరు కెమెరాతో వచ్చారు. పేరు వద్దులెండి, మంచివాళ్లే. తెల్లారే లేచి సబా గడ్డం గీయించుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేయించుకున్నాడు. వాళ్లు కిటికీల తలుపులు మూశారు. చప్పుడు వస్తుందని ఏసీ ఆపారు. తర్వాత వంటింట్లోకి చూసి, ఫ్రిజ్ కూడా ఆపమన్నారు. అసలే ఆగస్టు ఎండ. నాకేమో లోపలున్న పాల గురించి టెన్షన్.

బాగానే చెప్పుకొచ్చాడు. పడవ మీద నది దాటడం, నది అవతల మొగిలేవ్ ఊళ్లో ఒకే గదిలో పాతికమంది, మొదటి చలికాలంలోనే నాన్న టైఫస్‌తో పోవడం, యుద్ధం అయ్యాక పాలస్తీనా వెళ్లే 'పాన్ యార్క్' ఓడ ఎక్కితే బ్రిటిష్‌వాళ్లు సైప్రస్ క్యాంపుకు మళ్లించడం. అన్నీ వరసగా, పాఠం అప్పజెప్పినట్టు. ఒక్కచోట తడబడ్డాడు. నది గడ్డకట్టి ఉంది అన్నాడు. ప్రశ్నలడిగే అమ్మాయి కాగితం చూసి, "అక్టోబర్లో కదా మిమ్మల్ని పంపింది, అప్పటికే గడ్డకట్టిందా? మరి పడవ ఎలా నడిచింది?" అంది. మర్యాదగానే అడిగింది. అయినా ఆయన ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత ప్రతి వాక్యం ముందూ "నాకు గుర్తున్నంతవరకు" అని చేర్చడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఫ్రిజ్ స్విచ్ వేసేయాలనిపించింది.

నమ్మకం గురించి అడిగారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. సబా కూతురు చెబితే తెలిసింది. యేల్ యూనివర్సిటీలో ఉన్న వీడియో వాంగ్మూలాల సేకరణకు 1979లో పునాది వేసినవాళ్లలో డోరి లావుబ్ అనే సైకియాట్రిస్ట్ ఒకడు. ఆయనా సబా ఊళ్లోనే పుట్టి, చిన్నపిల్లాడిగా ట్రాన్స్‌నిస్ట్రియా చూసినవాడే. 1944లో ఆష్‌విట్జ్‌లో ఖైదీలు తిరగబడిన రోజు శవాలు కాల్చే పొయ్యిల చిమ్నీలు నాలుగు పేలిపోవడం చూశానని ఒకామె ఆయనకు చెప్పింది. చరిత్రకారులు ఒప్పుకోలేదు. పేలింది ఒక్కటే, ఆమె మాట నమ్మితే మిగతావీ ఎవరూ నమ్మరన్నారు. లావుబ్ మాత్రం, ఆమె చెబుతున్నది చిమ్నీల లెక్క కాదు, అక్కడ జరగనే జరగదనుకున్నది జరిగిందని చెబుతోంది అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లాడికి నది ఎంత చల్లగా ఉందో సబా చెప్పాడు. తేదీ కావాలంటే రైల్వే కాగితాల్లో వెతుక్కోవచ్చు కదా!

ఇంకోటి, "ఇంత ఆలస్యంగా" అన్నారు. అదీ సగమే నిజం. 1946లోనే డేవిడ్ బోడర్ అని షికాగో సైకాలజిస్ట్ ఒకాయన ఉక్కు తీగ మీద రికార్డు చేసే మిషను మోసుకుని యూరప్‌లో శరణార్థుల క్యాంపులు తిరిగి, వందమందికి పైగా మాటలు పట్టుకున్నాడు. 1994లో సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్ పెట్టిన షోవా ఫౌండేషన్ యాభై వేలకు పైగా వాంగ్మూలాలు రికార్డు చేసింది. చెప్పేవాళ్లు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు, వినేవాళ్లే ఆలస్యంగా వచ్చారు. 1961లో నాజీ అధికారి ఐఖ్‌మన్ మీద ఇజ్రాయెల్‌లో జరిగిన విచారణ రేడియోలో వచ్చేదాకా తన వర్క్‌షాపులో ఎవరూ తనను ఒక్క ముక్క అడగలేదని సబా అనేవాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ కెమెరావాళ్లు వచ్చి వెళ్లిన మూడు నెలలకు, ఒక రాత్రి నాకు ఇంటి మీద బెంగ పుట్టి మక్క గట్క వండుకున్నాను. మక్కపిండి అక్కడ షాపుల్లో దొరుకుతుంది. పదకొండు దాటింది. వెనక వాకర్ చప్పుడు. సబా వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "మమలిగ" అన్నాడు. వాళ్ల వైపూ అదే గట్క, పేరొక్కటే వేరట. కూర్చోబెట్టి ఒక గిన్నెలో పెట్టాను. రెండు చెంచాలు తిని, ఆపి, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. ఏ ప్రశ్నా నేను అడగలేదు.

మొగిలేవ్‌లో ఇంట్లో తిండి లేదు. చెల్లి ఏడుస్తోంది. నాన్న తన చలికోటు విప్పి ఇచ్చి, "నువ్వు చిన్నపిల్లాడివి, నిన్ను చూస్తే జాలిపడి ఎక్కువ ఇస్తారు" అని బజారుకు పంపాడు. ఒక రైతు మనిషి ఒక కుండ మక్కపిండి ఇస్తానంది. ఈయన బేరమాడి ఇంకో సగం కుండ పోయించుకున్నాడు. పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ రాత్రి అందరూ మమలిగ తిన్నారు. నాన్న తల నిమిరి పొగిడాడు. మూడు వారాల తర్వాత నాన్న పోయాడు. "టైఫసే," అన్నాడు సబా. "కెమెరాకు అబద్ధం చెప్పలేదు. కానీ కోటు ఉంటే?" కాసేపాగి, "చాలా మంచి బేరం చేశాను" అన్నాడు.

నా ఫోన్ లోపల గదిలో చార్జింగ్‌లో ఉంది. లేచి వెళ్లలేదు. వెళ్తే ఆపేస్తాడని తెలుసు. ఆయన పడుకున్నాక, డబ్బు లెక్కలు రాసుకునే నోటుబుక్కులో మొత్తం తెలుగులో రాసుకున్నాను. పొద్దున "వాళ్లను మళ్లీ పిలవమంటారా?" అని అడిగితే, "వద్దు, మళ్లీ ఫ్రిజ్ ఆపమంటారు, పాలు విరిగిపోతాయి" అన్నాడు.

రికార్డు చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ప్రశ్నల కాగితం ఇంట్లో పెట్టి రండి, వాళ్లతో కలిసి ఏదో ఒకటి వండండి.

సబా 2020లో పోయాడు. ఏడు రోజుల మైల పాటిస్తూ వాళ్లంతా ఇంట్లో కూర్చున్నప్పుడు కూతురికి కోటు సంగతి చెప్పాను. ఆమె ఎన్నడూ వినలేదట. నోటుబుక్కు తెమ్మంది. వంటింటి బల్ల దగ్గర నేను తెలుగులో చూసి హీబ్రూలో చెబుతుంటే తన ఫోన్‌లో రికార్డు చేసుకుంది. అందులో వినిపించేది నా గొంతు, నా వంకర హీబ్రూ. మొదటినుంచి చివరిదాకా ఫ్రిజ్ చప్పుడు కూడా ఉంది.