చిన్న రియాక్టర్ అయితే వ్యర్థాలూ చిన్నవేనా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఇప్పుడంతా చిన్న మాడ్యులర్ రియాక్టర్లదే (ఫ్యాక్టరీలో భాగాలు తయారుచేసి తెచ్చి బిగించే చిన్న అణు రియాక్టర్లు) హవా కదా, వాటి డిజైన్‌లో మాస్టర్స్ చేయమంటే అణు వ్యర్థాల నిర్వహణ చదువుతానంటోంది. కొత్త రియాక్టర్లకు వ్యర్థాలు తక్కువంటున్నారు. మరి ఆ చదువుకు భవిష్యత్తు ఉంటుందా? రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది ఉద్యోగాల గురించే అయినా, అసలు బెంగ వేరే ఉందనిపిస్తోంది. నలుగురు అడిగితే పిల్ల ఏం చేస్తోందని చెప్పాలి, దాని ఒంటికి ఏమవుతుంది? ఇలాంటి ఉత్తరాలన్నిటిలోనూ ఇదే ఉంటుంది. ముందు అది తేల్చేద్దాం. మనిషికి ప్రకృతి నుంచే ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి చేరే రేడియేషన్‌కు కొలత) రేడియేషన్ అందుతుంది. అణు రంగ సిబ్బందికి అంతర్జాతీయంగా సూచించిన పరిమితి, ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. రియాక్టర్ నడిపేవాళ్లకూ, వ్యర్థాలు చూసేవాళ్లకూ అదే పరిమితి. పైగా ప్రణాళిక పనిలో ఉండేవాళ్లు ఎక్కువ కాలం గడిపేది కంప్యూటర్ ముందే. ఆ భయం పెట్టుకోకండి.

ఇక "వ్యర్థాలు తక్కువ" అన్న మాట. అది అంత సులువుగా తేలేది కాదు. రియాక్టర్‌లో ఇంధనం ఉండే నడిమి భాగం, అంటే కోర్, చిన్నదైన కొద్దీ అణువిచ్ఛిత్తిని నడిపే న్యూట్రాన్ కణాలు ఎక్కువగా బయటికి జారిపోతాయి. అవి తగిలి చుట్టూ ఉన్న ఉక్కు కూడా రేడియోధార్మికమై వ్యర్థాల్లో చేరుతుంది. డిజైన్‌ను బట్టి, అదే కరెంటుకు పెద్ద రియాక్టర్ల కంటే వ్యర్థాల పరిమాణం 2 నుంచి 30 రెట్ల దాకా పెరగొచ్చని 2022లో స్టాన్‌ఫోర్డ్, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు లెక్కగట్టారు. రియాక్టర్ల కంపెనీలు ఒప్పుకోలేదు. అదే ఏడాది అమెరికా జాతీయ ప్రయోగశాలల విశ్లేషణ పెద్ద తేడా ఉండదంది. నిపుణులే ఇలా వాదించుకుంటున్నప్పుడు పని లేకుండా ఎలా పోతుంది?

నా అనుమానమంతా మీరు వెళ్లమంటున్న దారి మీదే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ జాబితాలో 80కి పైగా చిన్న రియాక్టర్ల డిజైన్లున్నాయి. వాటిలో కట్టి నడిపిస్తున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. అమెరికాలోని ఐడహోలో కట్టాలనుకున్న నూస్కేల్ కంపెనీ చిన్న రియాక్టర్ల ప్రాజెక్టు ఖర్చులు పెరిగిపోయి 2023 నవంబరులో రద్దయింది. మీ అమ్మాయి చేరిన స్టార్టప్ డిజైన్ కాగితం దాటుతుందని ఎవరు హామీ ఇస్తారు? అదే వ్యర్థాల సంగతి చూడండి. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో కరిగిన ఉప్పుతో (వంట ఉప్పు కాదు, ఫ్లోరైడ్ లవణాలు) నడిచే ప్రయోగాత్మక రియాక్టర్ ఒకటి 1965 నుంచి 1969 దాకా పనిచేసింది. ఆపేశాక ఉప్పు గడ్డకట్టింది, పని అయిపోయిందనుకున్నారు. రేడియేషన్ వల్ల ఆ ఉప్పులోంచి ఫ్లోరిన్ పుట్టి, యురేనియం వాయువుగా మారి పైపుల్లోకి చేరిందని 1994లో బయటపడింది. నడిచింది నాలుగేళ్లు, శుభ్రం చేసే పనేమో దశాబ్దాలు. ఇప్పుడు కొత్త కంపెనీలు మళ్లీ అలాంటి ఉప్పునే వాడతామంటున్నాయి. రియాక్టర్‌ను చల్లబరచడానికి సోడియం వాడేవాళ్లు ఇంకొందరు. నీళ్లు తగిలితే భగ్గుమనే సోడియం ఇంధనం లోపల కూడా ఉంటే, దాన్ని అలాగే పాతిపెట్టడానికి వీల్లేదు. ముందు శుద్ధి చేయాలి. ఆ శుద్ధి ఎక్కడ, ఏ డబ్బాలో, ఎవరి ఖర్చుతో అన్నది రియాక్టర్ గీసేటప్పుడే తేలాలి. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనే.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో హవా గురించి ఉంది, పిల్లకు ఇదెందుకు నచ్చిందో ఒక్క ముక్కా లేదు. అడిగారా అసలు? మూడేళ్లు ఇంజినీరింగ్ చదివిన పిల్ల, జనం ఎగబడే చోటు వదిలి ఇటు చూసిందంటే కారణం ఉండే ఉంటుంది. టీవీ చర్చల్లో విన్నది పక్కన పెట్టి ముందు ఆమె మాట వినండి.

కెమికల్ వాళ్లకు ఇక్కడ పనేముంటుందని కూడా అనుకోకండి. 2014 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూమెక్సికోలో ఉన్న ఒక భూగర్భ అణు వ్యర్థాల నిల్వలో ఓ డ్రమ్ము మూత ఊడి రేడియోధార్మికత బయటపడింది. నైట్రేట్ లవణాలున్న వ్యర్థాల్లో తేమ పీల్చడానికి, పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం వాడే పొడి కలిపారు. మట్టితో చేసింది వాడాల్సిన చోట గోధుమలతో చేసింది పడింది. అది నైట్రేట్‌తో చర్య జరిపి వేడెక్కింది. ఆ నిల్వ మూడేళ్ల దగ్గర దగ్గర మూతపడింది. ఇది పూర్తిగా కెమిస్ట్రీ తప్పే.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా. జీతం మొదట్లో డిజైన్ కంపెనీల్లో ఎక్కువ ఉండొచ్చు. వ్యర్థాల పనిలో ఏ డిజైన్ గెలిచినా, ఏదీ గెలవకపోయినా, పాత రియాక్టర్లు మూసినా పని ఉంటుంది. నావరకు తూకం అటే మొగ్గుతుంది.

మాస్టర్స్‌లో రేడియోకెమిస్ట్రీ, లోహాలు తుప్పుపట్టే తీరు, భూగర్భ జలాల కదలిక, ఈ మూడూ ఉన్న కోర్సు చూసుకోమనండి. నియంత్రణ చట్టాల మీద ఒక పేపరుంటే ఇంకా మంచిది, లైసెన్సు అడిగే చోట అది చదివినవాళ్లు దొరకడం కష్టం. ఒకవేళ ఎప్పుడైనా డిజైన్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే, "వాడేసిన ఇంధనం ఏం చేస్తారు?" అని అడిగి చూడమనండి. తడబడితే ఆ ఉద్యోగంలో చేరేముందు ఇంకోసారి ఆలోచించుకోవడం మంచిది.