పక్షవాతం: గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు తోడు లేజర్ కాంతి పనికొస్తదా?

ప్రశ్న: మా నాయినకు 62 ఏండ్లు, బరువు 60 కిలోలు. నిరుడు ఒకసారి మూతి వంకర పోయి అరగంటలో సర్దుకుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌తో పాటు తలకు కాంతి పెడితే పక్షవాతం బాగా తగ్గుతదని విన్నం. ఫిజియోథెరపీ సెంటర్ల పెట్టే ఎర్రదీపం అదేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అది వేరు, ఇది వేరు. ఎర్రదీపం కండరాలకు కాపడం పెట్టేది, దాని వేడి మెదడు దాకా పోదు. పైగా స్పర్శ పోయిన చేతికి దగ్గరగా పెడితే కాలినా తెలియదు, బొబ్బలెక్కుతుంది.

మీరు విన్నది 808 నానోమీటర్ల లేజర్. కంటికి కనబడని ఈ కాంతి గడ్డను కరిగించదు. నెత్తురు అందక నీరసించిన మెదడు కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు ఊతమిచ్చి, వాటిని కొంతసేపు బతికించాలన్నది ఆలోచన. తల గొరిగి 20 చోట్ల, ఒక్కోచోట రెండేసి నిమిషాలు పెట్టారు. 120 మందిపై చేసిన మొదటి పరీక్ష ఆశ పుట్టించింది. 660 మందితో చేసిన రెండోదాంట్లో తేడా నిలబడలేదు. మూడోదాన్ని ప్రయోజనం కనబడక మధ్యలోనే ఆపేశారు. చర్మం, పుర్రె దాటి లోపలికి చేరే కాంతి చాలా తక్కువ. ఇంజెక్షన్, లేజర్ రెండూ కలిపి కుందేళ్లకు ఇచ్చి చూశారు. ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చినప్పటికన్నా, లేజర్ వల్ల మెదడులో రక్తస్రావం పెరగలేదని తేలింది. అంతమాత్రాన మనుషులకు మేలని కాదు. ఈ పేరుతో ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే డబ్బు కట్టకండి.

పక్షవాతం వస్తే మీ నాయినకు అసలు కాపు ఇంజెక్షనే, అదీ వేళకు అందితేనే. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఆల్టెప్లేజ్ అనే ఈ గడ్డ కరిగించే మందు ఇవ్వాలి. కిలోకు 0.9 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 90 దాటకూడదు. 60 కిలోలకు 54 అవుతుంది. అందులో పదోవంతు, అంటే 5.4, ఒక నిమిషంలో నరానికి ఎక్కించి, మిగతా 48.6 గంటసేపు ఎక్కిస్తారు. అంతకుముందే సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాలి, షుగర్ చూడాలి, బీపీ 185/110 లోపుకు దిగాలి. నెత్తురు పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. దాచిపెడితే మందే మెదడులో రక్తస్రావం తేవచ్చు.

చాలామంది పొరబడేది గంటల లెక్కలోనే. తెల్లారి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, లేచినప్పటి నుంచి కాదు, రాత్రి బాగున్నట్టు ఆఖరుసారి చూసినప్పటి నుంచి లెక్క. ఆ టైం కాగితం మీద రాసి తీసుకుపోండి. వేళ దాటిందని ఇంట్లోనే ఉండకండి. పెద్ద రక్తనాళంలో గడ్డ ఉంటే, కొందరికి 24 గంటల దాకా తీగతో లాగి తీసే వీలుంది.

పావురం నెత్తురు పూయించడానికి పోయి పోగొట్టుకున్న గంట తిరిగిరాదు. 108కి ఫోన్ చేయండి. రాత్రిపూట కూడా సీటీ, ఈ ఇంజెక్షన్ రెండూ ఉండే ఆసుపత్రి నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఏదో ఇవాళే కనుక్కుని, నంబరు గోడమీద రాసిపెట్టండి. నిరుడు వచ్చిపోయింది హెచ్చరిక కావచ్చు. ఇప్పటిదాకా చూపించకపోతే ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించి బీపీ, షుగర్, మెడ రక్తనాళాలు, గుండె లయ పరీక్ష చేయించండి.

ప్రశ్న: అంబులెన్సు వచ్చేలోపు ఆస్పిరిన్ మింగించవచ్చా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: వద్దమ్మా. గుండెపోటుకు పనికొచ్చే ఆ మాత్ర, మెదడులో నరం చిట్లి ఉంటే హాని చేస్తుంది. ఏది జరిగిందో స్కాన్‌లోనే తెలుస్తుంది. నీళ్లు కూడా తాగించకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.