రక్తపిశాచి వేషం: నెత్తురు కన్నా డ్రై ఐస్‌తోనే ముప్పు ఎక్కువ

ప్రశ్న: మేం కొందరం కజిన్స్ కలిసి యూట్యూబ్ కోసం ఉత్తుత్తి డాక్యుమెంటరీ ఒకటి తీస్తున్నాం. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో ఉండే రక్తపిశాచి కుటుంబం కథ. మెయింటెనెన్స్ కట్టరు, పగలు తలుపు తీయరు, వాచ్‌మన్‌లు మాత్రం నెలకొకరు మారుతుంటారు. తాత వేషం మా పెదనాన్నగారిది. వయసు 66. షుగర్‌కు గ్లిమెపిరైడ్, గుండెకు ఆస్పిరిన్ వాడతారు. పైవరస కట్టుడు పళ్లు. అక్క కొడుకు 9 నెలల బాబును పిల్ల పిశాచిగా చూపించాలని ఉంది. కళ్లకు పెట్టుకునే తెల్ల లెన్సులు, నల్ల లెన్సులు ఆన్‌లైన్‌లో తెప్పించాం. కోరలు ఫెవిక్విక్‌తో అతికించొచ్చా? నోట్లోంచి కారే రక్తానికి ఏం వాడాలి? మేక నెత్తురైతే సహజంగా ఉంటుందని ఒకడు అంటున్నాడు. శవపేటికలోంచి పొగ రావడానికి డ్రై ఐస్ పెడదామనుకున్నాం. కథలో ఒక డాక్టర్ వచ్చి ‘వీళ్లకున్నది పార్ఫిరియా జబ్బు’ అని తేలుస్తాడు. అది నిజమేనా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా: మీరు రాసినవాటిలో ప్రాణం తీయగలిగింది డ్రై ఐస్. చూపు పోగొట్టగలిగినవి లెన్సులు. నెత్తురు సంగతి తర్వాత చూద్దాం, అది అంత తొందరేమీ కాదు.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, కరిగి ద్రవం కాకుండా నేరుగా వాయువైపోతుంది. కిలో ముక్క సుమారు 500 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. పెళ్లి మండపాల్లో వధూవరుల చుట్టూ అదే పొగ తిరుగుతున్నా ఎవరికీ ఏమీ కావడం లేదంటే, అక్కడ గాలి ఆడే జాగా ఉంటుంది, మనుషులు నిలబడి ఉంటారు. ఈ వాయువు గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది. మీ తాతగారేమో పెట్టెలో, నేల మీద, వెల్లకిలా పడుకుని ఉంటారు.

లెక్క వేసి చూడండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు పెట్టెలో సుమారు 510 లీటర్ల జాగా. మనిషి పడుకున్నాక గాలికి మిగిలేది 440 లీటర్లు. అందులో 100 గ్రాముల డ్రై ఐస్ వేడినీళ్లలో వేసి మూత దించితే 50 లీటర్ల వాయువు వస్తుంది. అంటే లోపలి గాలిలో పదో వంతుకు పైనే కార్బన్ డయాక్సైడ్. ఆ మోతాదులో నిమిషాల్లోనే స్పృహ పోతుంది. కేక వేసే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. శవం పాత్ర కాబట్టి కదలకపోతే బయటివాళ్లు నటన అద్భుతంగా ఉందనుకుంటారు. తలుపులు మూసిన పది బై పది ఏసీ గదిలోనైతే రెండు కిలోలకే గాలిలో ఈ వాయువు సుమారు 4 శాతానికి చేరుతుంది. పరిశ్రమల భద్రతా లెక్కల్లో అది తక్షణ ప్రాణాపాయ స్థాయి. 2020లో మాస్కోలో ఒక పుట్టినరోజు పార్టీలో పొగ కోసం ఈతకొలనులో డ్రై ఐస్ కుమ్మరిస్తే ముగ్గురు చనిపోయారు.

డ్రై ఐస్ లేకుండా మూత బిగించినా ఇబ్బందే, కాకపోతే కాస్త ఆలస్యంగా వస్తుంది. పడుకున్న మనిషి నిమిషానికి 200 నుంచి 250 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. సందుల్లేని పెట్టెలో అరగంట దాటాక తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. భయంతో ఊపిరి వేగమైతే ఇంకా ముందే. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఈ వాయువును కొలవదు, దాన్ని నమ్ముకోవద్దు.

కాబట్టి పెట్టెకు కెమెరా వైపు కాకుండా అవతలి వైపు పలకను పూర్తిగా తీసేయండి. గొళ్లెం, తాళం అసలు బిగించొద్దు. మూత దించిన షాట్ రెండు నిమిషాలకు మించకూడదు, పక్కన ఒక మనిషి చెయ్యి మూత మీదే ఉండాలి. పొగ షాట్ ఖాళీ పెట్టెతో విడిగా తీసి ఎడిటింగ్‌లో కలుపుకోండి. మనిషి ఉన్నప్పుడే పొగ కావాలంటే నీళ్లతో పనిచేసే అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్ వాడండి. సినిమా పొగ మిషన్ కూడా పనికొస్తుంది గానీ ఆస్తమా ఉన్నవాళ్లకు దగ్గు, పిల్లికూతలు తెస్తుంది. డ్రై ఐస్‌ను కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించాలి. బిగుతు మూత డబ్బాలో పెడితే డబ్బా పేలుతుంది. ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం గడ్డకట్టి బొబ్బలెక్కుతుంది, మందపాటి గ్లవ్స్, పట్టకారు తప్పనిసరి. నోట్లోంచి పొగ వదలడానికి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తే మానిపించండి. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు నిజం నెత్తురే కక్కారు.

ఎవరైనా పడిపోతే పెట్టెలోకి తల వంచి పలకరించొద్దు, రెండో మనిషి పడిపోయేది అలాగే. మీరు ఊపిరి బిగబట్టి, భుజాలు పట్టి ఆరుబయటికి లాగండి, 108కి ఫోన్ చేయండి, శ్వాస లేకపోతే సీపీఆర్ (ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) మొదలుపెట్టండి.

ఇక లెన్సులు. కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు, రక్తనాళాలు లేవు, దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సు దానికి అడ్డం. కంటి వంపుకు సరిపోని లెన్సైతే కార్నియాను గీరేస్తుంది, ఆ గీతలోంచి క్రిమి లోపలికి దిగుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పడితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించగలదు. అందుకే పవర్ లేని రంగు లెన్సులకు కూడా కంటి డాక్టర్ దగ్గర వంపు, వ్యాసం కొలిపించుకోవాలి. ఇప్పటికే తెప్పించుకున్నవాటిని పెట్టె విప్పకుండా తీసుకెళ్లి చూపించండి, సరిపోకపోతే డబ్బులు పోయాయనుకోండి. కన్నంతా నల్లగా చేసే 22 మిల్లీమీటర్ల పెద్ద లెన్సులు నాకైతే అస్సలు ఇష్టం లేదు. తప్పదంటే ఒక్క క్లోజప్ కోసం గంట లోపు, పెట్టడానికీ తీయడానికీ తెలిసినవాళ్లను పక్కన ఉంచుకుని వాడండి. తెల్ల లెన్సుల్లో చూపు బాగా తగ్గిపోతుంది కాబట్టి మెట్లు దిగే షాట్లు వద్దు.

సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని బట్టతో తుడుచుకుని, లెన్సు ముందు పెట్టుకోవాలి, మేకప్ తర్వాత. తీసేటప్పుడు లెన్సే ముందు. లెన్సుకు కుళాయి నీరు, మినరల్ వాటర్, ఉమ్మి ఏదీ తగలకూడదు, నీళ్లలో ఉండే అకాంతమీబా అనే జీవి పడితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. సెలైన్ క్రిములను చంపదు, మల్టీపర్పస్ సొల్యూషన్‌తో వేలితో రుద్ది కడగాలి, రోజూ కొత్త ద్రావణం పోయాలి. ఒకరి లెన్సు ఇంకొకరు పెట్టుకోవద్దు, పిశాచులన్నీ ఒకే రక్తమైనా సరే.

కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా లెన్సు తీసేసి అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. లెన్సు, దాని డబ్బా కూడా తీసుకెళ్లాలి, వాటినుంచే క్రిమిని పట్టుకుంటారు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసుకోవద్దు. మన దగ్గర కార్నియా పుండ్లలో ఫంగస్ వల్ల వచ్చేవి ఎక్కువ. స్టెరాయిడ్‌తో ఎరుపు తగ్గినట్టే ఉండి, లోపల పుండు పెరుగుతుంది.

ఫెవిక్విక్ నోటి దరిదాపులకు రాకూడదు. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, చిగుళ్లు కాలతాయి, లాగితే ఎనామిల్ పెచ్చు ఊడొచ్చు. గోళ్ల గమ్ కూడా ఆ జాతిదే. పొరపాటున పెదవులు అంటుకుంటే గుంజొద్దు, గోరువెచ్చని నీళ్లతో తడుపుతూ ఉంటే ఉమ్మికే మెల్లగా వదులుతుంది. కోరలకు మంచి దారి డెంటిస్టు దగ్గర అచ్చు తీయించి తొడుగులు చేయించుకోవడం. ఖర్చు వద్దనుకుంటే వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ పూసలు దొరుకుతాయి. 60 డిగ్రీలు దాటిన నీళ్లలో వేస్తే పారదర్శకంగా మారతాయి. తీసి, వేలు భరించేంత చల్లారాక కోర లోపలి వైపు పూసి పంటికి అదమాలి. పూర్తిగా గట్టిపడకముందే రెండు మూడుసార్లు తీసి పెట్టాలి, లేకపోతే పళ్ల సందుల్లో చిక్కుకుని ఊడిరాదు. క్రౌన్, బ్రిడ్జి, కదిలే పన్ను ఉన్నచోట ఇది వద్దు. తినేటప్పుడు, పడుకునేటప్పుడు కోరలు తీసేయాలి. పెదనాన్నగారి పని ఇంకా సులువు. పాత కట్టుడు సెట్ ఉంటే డెంటల్ ల్యాబ్‌లో దానికే కోరలు తగిలిస్తారు. సెట్‌ను మాత్రం వేడినీళ్లలో ముంచొద్దు, వంగిపోతుంది.

ఇప్పుడు నెత్తురు. కప్పు పంచదార, అరకప్పు నీళ్లు కరిగే దాకా మరిగించండి. చెంచా కార్న్‌ఫ్లోర్ చన్నీళ్లలో కలిపి పోసి చిక్కబడ్డాక దించండి. చల్లారాక పావు చెంచా ఎరుపు ఫుడ్ కలర్, అర చెంచా కోకో పొడి కలపండి. కోకో వేయకపోతే రక్తం రూహ్ అఫ్జాలా ఉంటుంది. రంగు సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు చూసి కొనండి. విడిగా అమ్మే గులాబీ పొడి రోడమైన్-బి అనే బట్టల అద్దకం రంగు కావచ్చు. 2024లో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది దాని వల్లే. హోలీ రంగు, కుంకుమ నోట్లోకి వద్దు. చాలా ఆహారాల్లో ఫుడ్ కలర్ పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు, మీ సినిమా రక్తంలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి టేకుకు ఒక చెంచా నోట్లో పోసుకుని, కూర్చుని కార్చి, ఉమ్మేయాలి. వెల్లకిలా పడుకుని పుక్కిలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నుదుటి నుంచి కారే రక్తం, లెన్సులు ఒకే షాట్‌లో ఉండకూడదు. మర్నాడు విరేచనం ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి, రెండో రోజూ అలాగే ఉంటే చూపించుకోండి.

మేక నెత్తురు ఉడికిస్తే నల్ల ఫ్రై, పచ్చిగా నోట్లో పోసుకుంటే సాల్మొనెల్లా, ఇ-కోలై, బ్రూసెల్లా క్రిములు. పైగా నిమిషాల్లో గడ్డకడుతుంది, లైట్ల కింద గోధుమరంగుకు తిరుగుతుంది, వాసన వస్తుంది. సహజంగా ఉంటుందన్న మాటే నిలబడదు.

కథకు పనికొచ్చే సంగతి ఒకటుంది. లీటరు రక్తంలో సుమారు 500 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంట్లోంచి రోజూ బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అదనపు ఇనుమును పంపించే దారి శరీరానికి లేదు. రోజూ రక్తమే తాగే మనిషికి లివర్‌లో, క్లోమంలో, గుండెలో ఇనుము పేరుకుంటుంది, షుగర్ వస్తుంది, చర్మం కంచు రంగుకు మారుతుంది, మలం తారులా నల్లగా ఉంటుంది. తెల్లటి పిశాచి వైద్యశాస్త్రం ప్రకారం పొరపాటు. ఇనుము పేరుకునే జబ్బుకు మామూలుగా చేసే వైద్యం వారానికోసారి 450 మిల్లీలీటర్ల దాకా రక్తం తీసేయడం. మీ తాత పిశాచిని రక్తం తీయించుకోవడానికి ఆసుపత్రి క్యూలో నిలబెట్టొచ్చు.

పార్ఫిరియా డైలాగు మాత్రం తీసేయండి. రక్తపిశాచుల కథలకు మూలం ఈ జబ్బేనని 1985లో డేవిడ్ డాల్ఫిన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక సదస్సులో అన్నాడు, పత్రికలు ఎగరేసుకుపోయాయి, రోగులు ఎగతాళి పాలయ్యారు. ఆ వాదన నిలవదు. పార్ఫిరియా ఉన్నవాళ్లకు లోపించేది హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) తయారీలో పనిచేసే ఎంజైము. రక్తం తాగితే ఆ హీమ్ పేగుల్లోనే విడిపోతుంది, ఒరిగేదేమీ లేదు. అవసరమైన రకాల్లో హీమిన్ అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. 1897 నాటి నవలలో డ్రాకులా పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు, ఎండకు నశించడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో ప్రచారంలోకి వచ్చింది. పార్ఫిరియాలో ఒక రకం వల్ల నిజంగానే ఎండలోకి వెళ్లిన కొద్ది నిమిషాలకే చేతులు, ముఖం మంటపుట్టి ఏడ్చే పిల్లలు ఉంటారు. పైకి దద్దురు కనిపించదు కాబట్టి బడి ఎగ్గొట్టే నాటకమనుకుంటారు. అలాంటి పిల్లలుంటే రక్తంలో ప్రోటోపార్ఫిరిన్ పరీక్ష చేయించాలి. మీ డాక్టర్ పాత్ర అయితే అయోమయంగా విటమిన్-డి మాత్రలు రాయనివ్వండి, అదే నవ్వొస్తుంది.

మెడ కొరికే సీనులో దవడ మూల కింద వేళ్లతో నొక్కొద్దు. అక్కడి కెరోటిడ్ సైనస్ (మెడ ధమనిలో రక్తపోటును కనిపెట్టే చోటు) నొక్కుకుంటే పెద్దవాళ్లలో గుండె వేగం పడిపోయి సొమ్మసిల్లుతారు. నిజంగా పన్ను దిగితే సబ్బు, నీళ్లతో పావుగంట కడిగి డాక్టర్‌కు చూపించండి, టీటీతో పాటు యాంటీబయాటిక్ కూడా అవసరం కావచ్చు. వెల్లుల్లి దండ పొట్టుతో ఉంటే ఫర్వాలేదు, దంచి ఒంటికి రాస్తే బొబ్బలొస్తాయి. మేకప్, లేటెక్స్ ముందురోజు ముంజేతి లోపల రాసి చూసుకోవాలి.

బాబుకు మేకప్, లెన్సు, పొగ, నకిలీ రక్తం ఏవీ వద్దు. నల్ల టోపీ చాలు. రక్తంలో తేనె కలిపితే అది బాబు పెదవులకు అసలే తగలకూడదు, ఏడాది లోపు పిల్లల్లో బాటులిజం అనే విషజబ్బు భయం ఉంది.

రాత్రి షూటింగుల్లో నాకు ఎక్కువ ఆందోళన పెదనాన్నగారి గురించే. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, తడబడే మాట, శూన్యంలోకి చూపు: ఇవన్నీ పిశాచి నటనలో కలిసిపోతాయి. రాత్రి భోజనం ఆయన మామూలు వేళకే పెట్టించండి, గ్లూకోమీటర్ సెట్‌లో ఉంచండి. మాత్ర వేళ మార్చాల్సి వస్తే ఆయన డాక్టర్‌నే అడగండి. రీడింగ్ 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. చేతికి మరేదీ అందకపోతే నాలుగు చెంచాల మీ సినిమా రక్తమైనా సరే, ఆ ఒక్క సందర్భంలో మింగొచ్చు. తేరుకున్నాక అన్నం పెట్టండి, ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఆ రాత్రికి షూటింగ్ ఆపేసి గంటకోసారి షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.