స్టేటస్ రిజిస్టర్‌ను |= తో ముట్టుకోకండి

డ్రైవర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) కోడ్‌లో 1 << 31 అని రాస్తే కంపైలర్ గొణుగుతోంది, 1 పక్కన యు తగిలిస్తే ఊరుకుంటోంది, షిఫ్టింగ్ (బిట్లను పక్కకు జరపడం), మాస్కింగ్‌లో (కావలసిన బిట్లనే పట్టుకోవడం) ఇంతకు మించి జాగ్రత్తలేమైనా ఉన్నాయా అని అడిగారు. యు అంటే అన్‌సైన్డ్, మైనస్ గుర్తు లేని సంఖ్య అని. పెట్టండి, మంచిదే. 32 బిట్ల ఇంట్‌లో 31వ బిట్ మైనస్ గుర్తుది. అక్కడికి 1ని తోస్తే ఏమవుతుందో సీ భాష స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు. కానీ దాని వల్ల నా నిద్ర ఏనాడూ చెడలేదు. చెడింది వేరే దాని వల్ల.

అప్పట్లో బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. తూకం యంత్రాలకు కంట్రోలర్ బోర్డులు చేసేవాళ్లం. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో పెట్టిన బోర్డు రెండు మూడు రోజులకోసారి ఆగిపోయేది. బస్తాలు మారుతుంటాయి, డిస్‌ప్లే మీద అంకె మాత్రం కదలదు. మిల్లు ఆపరేటర్ ఫోన్ చేసి, "సార్, మీ డబ్బా మళ్ల పండుకున్నది" అనేవాడు. స్విచ్ ఆపి వేస్తే లేచేది. ఆఫీసులో అదే బోర్డు వారమంతా నడిపినా ఏమీ అయ్యేది కాదు. మా మేనేజర్ ఎర్తింగ్ అన్నాడు. మా ఫీల్డ్‌లో ఎర్తింగ్ అంటే గ్రహదోషం లాంటిది, కారణం దొరకనప్పుడల్లా దాని మీదికే తోసేస్తారు. మిల్లు వాళ్లు పాపం సొంత ఖర్చుతో కొత్త ఎర్త్ పిట్ కూడా తవ్వించారు.

చివరికి నన్ను పంపారు. ఎస్‌పీఐ వైర్లకు (ప్రాసెసర్‌నూ, బరువు చెప్పే మాడ్యూల్‌తో మాట్లాడే చిప్‌నూ కలిపే తీగలు) లాజిక్ ఎనలైజర్ (తీగల మీద నడిచేదంతా రికార్డు చేసే పరికరం) క్లిప్పులు తగిలించి, ఊకదుమ్ము పడకుండా ల్యాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి కూర్చున్నా. రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి పండుకుంది. రికార్డయింది వెనక్కి తిప్పి చూశా. మావాడు, అంటే మా ప్రాసెసర్, చిప్‌లోని స్టేటస్ రిజిస్టర్ (ఏం జరిగిందో ఒక్కో బిట్‌తో చెప్పే చోటు) చదివాడు, 4 వచ్చింది, అంటే 2వ బిట్ 1. పంపిన మెసేజ్ వెళ్లిపోయిందని అర్థం, బాగానే ఉంది. వెంటనే మళ్లీ చదివాడు, ఈసారి 5. ఆ తర్వాత 5 రాశాడు. నేను రాయమన్నది 4 కదా, ఈ 5 ఎక్కడిది?

ఆ చిప్‌లో ఒక స్టేటస్ బిట్‌ను చెరపాలంటే అందులో 1 రాయాలి. 2వ బిట్ చెరపడానికి నేను మా లైబ్రరీలోని సెట్‌బిట్ ఫంక్షన్‌ను పిలిచాను. అది రిజిస్టర్ చదివి, ఆర్ చేసి (మనమడిగిన బిట్‌ను 1 చేసి, మిగతావి అలాగే ఉంచి), తిరిగి రాస్తుంది. పేరే వేరు, చేసేది |= పనే. ఆ రెండు చదవడాల మధ్య లోడ్‌సెల్ (బరువు కొలిచే సెన్సర్) మాడ్యూల్ నుంచి జవాబు వచ్చి 0వ బిట్ 1 అయింది, 4 కాస్తా 5 అయింది. నా కోడ్ దాన్నీ తిరిగి రాసి చెరిపేసింది. డేటా బఫర్‌లోనే ఉంది, వచ్చిందని చెప్పే బిట్ లేదు. డ్రైవర్ జవాబు కోసం కూర్చుంది, నేనొచ్చి తీసుకుంటానని చిప్ కూర్చుంది. ఆఫీసులో ఉన్నది పాత మాడ్యూల్, నిదానంగా జవాబిచ్చేది, అందుకే అక్కడ దొరకలేదు.

ఆ కాల్ తీసేసి నేరుగా 4 రాశా. ఒక్క లైను. ఆ రిజిస్టర్ పేజీ ప్రింట్ తీసి గోడకు అంటించుకున్నవాణ్ని నేను. బిట్ నంబర్లు చూసుకున్నానే గానీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదు.

నన్నడిగితే ఇందులో సగం తప్పు మనకు నేర్పినవాళ్లది. అమీర్‌పేటలో నేను చేసిన ఎంబెడెడ్ కోర్సంతా బిట్ సెట్ చెయ్, క్లియర్ చెయ్, టాగుల్ చెయ్, మూడో వేరియబుల్ లేకుండా స్వాప్ చెయ్. ఆ స్వాప్ ఇంటర్వ్యూల్లో తప్ప ఇన్నేళ్లలో ఎక్కడా వాడలేదు. రిజిస్టర్ మామూలు మెమరీ కాదని ఒక్కరూ చెప్పలేదు. కొన్ని చదివితేనే చెరిగిపోతాయి, డీబగ్గర్‌లో తెరిచి చూసినా సరే. ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్లలోని టైమర్ల స్టేటస్ రిజిస్టర్ ఇంకో రకం, అక్కడ 0 రాస్తే చెరుగుతుంది. దాని మీద &= (చదివి, ఆ బిట్‌ను 0 చేసి, తిరిగి రాసేది) వాడితే ఇదే జబ్బు తిరగబడి వస్తుంది. చదవకుండా, మాస్క్‌ను ~ చేసి (ఒకట్లను సున్నాలుగా, సున్నాలను ఒకట్లుగా తిప్పి) నేరుగా రాసేయాలి.

మీ యు సంగతికి వస్తే, 64 బిట్ల వేరియబుల్‌లో 3వ బిట్ తీసేయాలని &= ~8 అని రాస్తే సరిగ్గా పనిచేస్తుంది. అదే 8 పక్కన యు పెట్టండి, పై 32 బిట్లూ సున్నాలైపోతాయి. ~ చేసిన విలువ 32 బిట్ల అన్‌సైన్డ్, దాన్ని వెడల్పు చేసేటప్పుడు పైన సున్నాలే చేరతాయి. ఎదుటి వేరియబుల్ ఎంత వెడల్పో మాస్క్ కూడా అంతే ఉండాలి. అలాగే బఫర్‌లోని బైట్‌ను << 24 చేసి 64 బిట్లలో వేస్తే, ఆ బైట్ 128 గానీ అంతకు మించి గానీ ఉన్న రోజున పైనంతా ఒకట్లు వచ్చి పడతాయి. షిఫ్ట్‌కు ముందే 64 బిట్ల అన్‌సైన్డ్‌గా క్యాస్ట్ చేయండి (రకం మార్చండి). ఎంత జరపాలో వేరియబుల్‌లో ఉంటే, 32 బిట్ల విలువకు అది 31 దాటకుండా చూసుకోండి. ఎక్స్86 పీసీలో 1ని 32 జరిపితే 1 రావచ్చు, 32 బిట్ల ఆర్మ్‌లో 0 రావచ్చు, స్టాండర్డ్ రెండింటికీ బాధ్యత తీసుకోదు. లినక్స్ డ్రైవరైతే జెన్‌మాస్క్ (మాస్క్ తయారు చేసేది), ఫీల్డ్ ప్రెప్ (విలువను దాని బిట్ల చోటికి, అంటే ఫీల్డ్‌కి, జరిపేది) మాక్రోలు వాడండి. ఫీల్డ్‌లో పట్టని కాన్‌స్టంట్ ఇస్తే ఫీల్డ్ ప్రెప్ కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. జెన్‌మాస్క్‌కు పై బిట్ ముందు, కింది బిట్ తర్వాత, నేనిప్పటికీ తిరగేస్తుంటాను.

మీది ఏ చిప్పో రాయలేదు. దాని డేటాషీట్‌లో స్టేటస్ రిజిస్టర్ పట్టిక, కింద చిన్న అక్షరాలతో సహా ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతా.