లిపిడ్ రిపోర్టు తర్వాత, ముందు నోరు చూపించుకోండి

"నోట్లో తెల్లమచ్చలు, ఓఎస్ఎమ్ఎఫ్ లాంటి క్యాన్సర్ ముందు దశలో ఉన్నవాళ్ళకి రక్తంలో కొవ్వు తక్కువగా ఉంటుందట. లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుంటే ముందే బయటపడుతుందా?" అని మీలో ఒకరు అడిగారు. ఓఎస్ఎమ్ఎఫ్ అంటే బుగ్గల లోపల పట్టీలా గట్టిపడి, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బు. లిపిడ్ ప్రొఫైల్ అంటే రక్తంలో కొవ్వుల లెక్క చెప్పే పరీక్ష.

బయటపడదండీ. కొవ్వు తగ్గడం నిజమే, మా ఇంట్లోనే చూశాను. కానీ ఆ కాగితాన్ని బట్టి నోటి సంగతి తేల్చుకుందామనుకుంటే మాత్రం నష్టపోతారు.

మా మరిది లారీ డ్రైవర్. విజయవాడ ఆటోనగర్‌లో లోడు ఎక్కించుకుని రాత్రికి రాత్రే బయల్దేరతాడు. నిద్ర ఆపుకోవడానికని గుట్కా మొదలుపెట్టాడు. గుట్కా మీద నిషేధం వచ్చాక కిళ్ళీ కొట్లలో పాన్ మసాలా ఒక ప్యాకెట్, జర్దా ఒక ప్యాకెట్ విడివిడిగా ఇచ్చేవారు. రెండూ అరచేతిలో కలిపి నోట్లో పోసుకుంటే మళ్ళీ అదే గుట్కా. పెళ్ళయ్యాక జర్దా మానేసి, "పొగాకు లేదు వదినా, ఉత్త వక్కే" అని ధైర్యంగా నమిలేవాడు. ఈలోగా అన్నం దగ్గర మార్పు వచ్చింది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, దాన్ని కంచంలో ఓ పక్కకి నెట్టేయడం మొదలుపెట్టాడు. తర్వాత పప్పులో పచ్చిమిరపకాయ కూడా వద్దన్నాడు. చివరికి రెండు పూటలా పెరుగన్నమే, అదీ మెత్తగా పిసికి. ఏమిట్రా అంటే "ఒంట్లో వేడి" అనేవాడు.

ఆ రోజుల్లోనే వాళ్ళ ఓనరు డ్రైవర్లందరికీ ఒక ల్యాబులో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాడు. టోటల్ కొలెస్ట్రాల్ 132, ట్రైగ్లిజరైడ్స్ 95, ఎల్‌డీఎల్ 82, హెచ్‌డీఎల్ 31. ఇల్లంతా సంబరం. "రెండొందల లోపు ఉంటే చాలంటారు, నీకు నూట ముప్ఫై రెండే" అని మా అత్తయ్య దిష్టి కూడా తీసింది. ఎదురింటి పిన్నిగారు ఇంకో అడుగు ముందుకేసి, కొవ్వు తక్కువుంది కాబట్టి రోజూ రెండు చెంచాల నెయ్యి వేసుకోమని సలహా ఇచ్చింది. నా కన్ను మాత్రం ఆ 31 దగ్గరా, కింద హిమోగ్లోబిన్ 10 దగ్గరా ఆగింది. మంచి కొవ్వు అనే హెచ్‌డీఎల్ మగవాళ్ళకి కనీసం 40 ఉండాలి, అది తగ్గితే గుండెకి మంచిది కాదు. ఆ రిపోర్టు ఆరోగ్యవంతుడిది కాదు, తిండి దిగని మనిషిది. మర్నాడే ప్రభుత్వ డెంటల్ కాలేజీకి బయల్దేరదీశాను.

అక్కడ ఓపీలో పీజీ చదువుతున్న అమ్మాయి చూసింది. నోరు తెరవమని, మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూపించమంది. మామూలుగా ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో పడతాయి, ఇది చదువుతూనే మీరూ పెట్టి చూసుకోవచ్చు. మా మరిదికి రెండు వేళ్ళు పట్టడానికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టార్చి వేసి బుగ్గ లోపల చూపించింది. ఎర్రగా ఉండాల్సిన చోట రక్తం లేనట్టు తెల్లగా పాలిపోయి ఉంది. గ్లౌజు వేసుకున్న వేలితో బుగ్గ లోపల పైనుంచి కిందకి తడుముతూ, "ఇక్కడ పట్టీ కట్టేసింది, తెలుస్తోందా?" అంది. వాడు తన వేలు పెట్టి చూసుకుని, "ఫ్యాన్ బెల్టులా ఉంది మేడమ్" అన్నాడు. వెంటనే ఫోన్ తీసి లిపిడ్ రిపోర్టు చూపించాడు, కొలెస్ట్రాల్ చాలా బాగుందని చెబుతూ. అంతలో పెద్ద మేడమ్ వచ్చింది. రిపోర్టు ఓసారి చూసి, "ఏం తింటున్నావు బాబూ?" అని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. "పెరుగన్నం" అని నేనే చెప్పాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మన దేశంలో డెంటల్ కాలేజీల వాళ్ళు దీని మీద చాలా పేపర్లే రాశారు. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్ళలో, కొన్నిచోట్ల ముందు దశలో ఉన్నవాళ్ళలో కూడా, టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ మిగతావాళ్ళకంటే తక్కువగా ఉన్నాయని వాటిలో కనబడుతుంది. కారణంగా చెప్పేది ఏమిటంటే, గబగబా విభజన చెందే కణాలకి కొత్త పొరలు కట్టుకోవడానికి కొవ్వు కావాలి, అది రక్తంలోంచే లాక్కుంటాయి. పొగాకు వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ కూడా కొవ్వుని దెబ్బతీస్తాయి. సరే, ఒప్పుకుంటాను. కానీ నోరు మండి, తెరుచుకోక, నెలల తరబడి కారం, కూర, మాంసం మానేసిన మనిషికి కొవ్వు ఎక్కడినుంచి వస్తుంది? నా మటుకు నాకు అసలు కారణం కంచంలోనే ఉంది. పైగా ఆ పరిశోధనల్లో చాలావాటిలో మనుషులు కొద్దిమందే, అన్నిటి ఫలితాలూ ఒకేలా రాలేదు కూడా. పొగ తాగితే చాలు, క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. తక్కువ అంకె చూసి నోట్లో జబ్బుందని గానీ, మామూలు అంకె చూసి లేదని గానీ ఏ డాక్టరూ చెప్పలేరు.

నాకు ఒళ్ళు మండేది ఈ ప్యాకేజీల గురించే. డెబ్భై టెస్టులు, ఎనభై టెస్టులని బోర్డులు పెడతారు. వాటిలో నోరు తెరవమని అడిగే టెస్టు ఒక్కటీ ఉండదు. టార్చి లైటుకి డబ్బులు రావు కదా మరి! 1960లలో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వాళ్ళు అయిదు జిల్లాల్లో 50,000 మందికి పైగా పల్లెజనం నోళ్ళు ఇంటింటికీ తిరిగి చూశారు. వాటిలో మన శ్రీకాకుళం ఒకటి. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ అంగిట్లో వచ్చే మార్పులు ప్రపంచానికి వివరంగా తెలియడానికి అలాంటి పని సాయపడింది. మా అమ్మమ్మా అక్కడి మనిషే, నోట్లో చుట్ట ఉండగానే చేపలు శుభ్రం చేసేది. ఆ సంస్థవాళ్ళే ఎర్నాకుళంలో ఓఎస్ఎమ్ఎఫ్ ఉన్న 66 మందిని 17 ఏళ్ళు కనిపెట్టి ఉంటే, అయిదుగురికి క్యాన్సర్ వచ్చింది. అంత విలువైన సంగతి నోట్లోకి చూసే తెలుసుకున్నారు.

ఇక "ఉత్త వక్కే" అనే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన నివేదికలో, పొగాకు కలపకపోయినా వక్కే క్యాన్సర్ తెస్తుందని ఖాయం చేసింది. ఓఎస్ఎమ్ఎఫ్‌కి మూలం వక్కే. అయినా పెళ్ళి భోజనాల్లో రంగురంగుల వక్కపొడి పొట్లాలు పిల్లల చేతుల్లో పెడుతూనే ఉన్నాం. సినిమా హీరోలు యాలకుల పేరుతో ఆ బ్రాండ్లకే ప్రచారం చేస్తున్నారు. పిల్లాడికి బీడీ ఇస్తామా? మరి ఇదెందుకు ఇస్తున్నాం?

మా వాడికి బయాప్సీ చేశారు, అంటే బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు, క్యాన్సర్ లేదు. బుగ్గల్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకునే వ్యాయామం నేర్పారు. వక్క మానేశాడు. పట్టీ పూర్తిగా పోదని ముందే చెప్పారు, అది పోలేదు. మంట మాత్రం తగ్గింది, కూర తింటున్నాడు. మొన్న చేయిస్తే టోటల్ కొలెస్ట్రాల్ 158కి వచ్చింది. కంచం గురించి నేనన్నదానికి నాకింతకంటే రుజువు అక్కర్లేదు.

మీకు గానీ, మీ ఇంట్లోవాళ్ళకి గానీ నోటి మంట, రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, నోరు బిగుసుకోవడం ఉంటే ల్యాబుకి కాదు, డెంటల్ కాలేజీ ఓపీకి వెళ్ళండి. బయాప్సీ అంటే వాయిదా వేయకండి. కొలెస్ట్రాల్ మందు వాడుతున్నవాళ్ళు ఇలాంటివి చదివి దాన్ని ఆపేయొద్దు, అది వేరే లెక్క. గుట్కా, పొగాకు మానలేకపోతున్నామనుకునేవాళ్ళకి 1800-11-2356 అని, మానడానికి సాయం చేసే ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, డబ్బులేం పడవు.